బెంగను కొలిచేదెలా?

తెల్లవారితే లెక్కల పరీక్ష. రాత్రి అన్నం ముందు కూర్చున్నారు. ముద్ద దిగడం లేదు. కడుపులో ఏదో తిప్పుతున్నట్లుంది. అరచేతులు చెమర్చాయి. అమ్మ నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. నమ్మకం చాలక థర్మామీటరు తెచ్చి నాలుక కింద పెట్టింది. అది 98.4 డిగ్రీలు చూపింది. "జ్వరమేమీ లేదు, తిని పడుకో" అన్నది.

అమ్మ చెప్పింది నిజమే, జ్వరం లేదు. అయినా మీకు బాగాలేదు. లోపల ఏదో ఉన్నది. అది ఎంత ఉన్నది? నిన్నటికంటె ఎక్కువా, తక్కువా? మీ పక్క బెంచీలో కూర్చునే స్నేహితునికీ ఇంతే ఉన్నదా? పరీక్ష అయిపోగానే దానంతట అదే పోతుందా, లేక ఎవరికైనా చూపించవలసిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే థర్మామీటరు ఏదైనా ఉన్నదా?

ఉన్నది. అయితే అది గాజుతో చేసినది కాదు, కాగితం మీద రాసిన ప్రశ్నలతో చేసినది. అటువంటి సాధనాన్ని ఎలా తయారుచేస్తారో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో ఇప్పుడు తెలుసుకుందాం.

ఒకప్పుడు వేడిని కూడా కొలవలేదు

"మనసులోని బాధను కొలవడమేమిటి? అది కంటికి కనిపిస్తుందా, చేతికి దొరుకుతుందా?" అని మీకు అనిపించవచ్చు. కాని ఒకప్పుడు వేడి విషయంలోనూ మనుషులు ఇలాగే అనుకున్నారు. థర్మామీటరు రాకముందు "ఒళ్లు కాలిపోతున్నది", "గోరువెచ్చగా ఉన్నది", "చల్లబడింది" అనే మాటలే ఉండేవి. ఒకరి చేతికి వెచ్చగా తోచినది మరొకరి చేతికి చల్లగా తోచేది.

1724లో ఫారెన్‌హీట్, 1742లో సెల్సియస్ తమ తమ కొలతలను ప్రకటించారు. సెల్సియస్ మంచు కరిగే స్థితిని, నీరు మరిగే స్థితిని స్థిర బిందువులుగా తీసుకున్నాడు. వాటి మధ్య దూరాన్ని 100 సమభాగాలు చేశాడు. ఆనాటినుంచి "వేడిగా ఉన్నది" అనే మాట అంకెగా మారింది.

మరి బెంగకు స్థిర బిందువులు ఏవి? మనసు ఏ డిగ్రీ వద్ద కరుగుతుంది? ఏ డిగ్రీ వద్ద మరుగుతుంది? ఇక్కడే చిక్కు వచ్చింది. అందువల్ల శాస్త్రజ్ఞులు వేరే దారి వెదకవలసి వచ్చింది.

శరీరం సాక్ష్యం చెబుతుందా?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. 15 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కపెట్టి 4తో హెచ్చించండి. అది నిమిషానికి మీ నాడి వేగం. ఇప్పుడు పెరడులో రెండు నిమిషాలు పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టండి. చాలా పెరిగింది కదా! భయం వేసినప్పుడు కూడా ఇలాగే పెరుగుతుంది. అరచేతిలో చెమట ఊరుతుంది. చెమట ఊరితే చర్మం గుండా విద్యుత్తు కాస్త సులువుగా ప్రవహిస్తుంది. ఆ మార్పును కొలిచే పరికరాలు ఉన్నాయి.

అయితే వీటితో పని పూర్తయినట్లేనా? కాదు. బహుమతి అందుకోవడానికి వేదిక ఎక్కుతున్న అమ్మాయిని తలచుకోండి. హోంవర్కు చేయక మాస్టారి ముందు నిలబడిన అబ్బాయినీ తలచుకోండి. ఇద్దరి గుండెలూ వేగంగానే కొట్టుకుంటాయి. ఒకరిది ఆనందం, మరొకరిది భయం. నాడి చూసినంతమాత్రాన ఏది ఎవరిదో చెప్పలేము. ఇక ఎప్పుడూ దిగులుగా, ఏ పనిమీదా మనసు లేకుండా ఉండే పిల్లవాని నాడి మామూలుగానే ఉండవచ్చు.

శరీరం సాక్షి మాత్రమే. "ఏదో జరిగింది" అంటుందిగాని ఏం జరిగిందో చెప్పదు. ఏం జరిగిందో చెప్పగలిగినవారు ఒక్కరే ఉన్నారు. ఆ బాధ పడుతున్నవారే. కాబట్టి వారినే అడగాలి. వినడానికి ఇది చాలా మామూలు మాటగా ఉన్నది. కాని పిల్లలను అడగాలన్న సంగతి పెద్దలకు తట్టడానికి చాలాకాలం పట్టింది.

యుద్ధంలో పుట్టిన ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోతకు, తోటివారి మరణాలకు చలించిపోయి, ఒంటిమీద గాయం లేకుండానే వేలాది సైనికులు పనికిరాకుండా పోయారు. అటువంటివారిని ముందే గుర్తించాలని 1917లో అమెరికాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక ప్రశ్నల పట్టికను తయారుచేశారు. అవును, కాదు అని జవాబిస్తే చాలు. దాన్ని పెద్దఎత్తున వాడకముందే 1918లో యుద్ధం ముగిసింది. కాని ఆ ఆలోచన నిలిచిపోయింది. 1923లో ఎలెన్ మాథ్యూస్ ఆ పట్టికను పిల్లలకు తగినట్లు మార్చారు.

తరువాత 1956లో కాస్టనీడా, మరి ఇద్దరు కలిసి పిల్లల ఆందోళనను కొలిచే మాపకాన్ని ప్రకటించారు. కొలవడానికి ఉపయోగపడే సాధనాన్నే మాపకం అంటారు. 1978లో రేనాల్డ్స్, రిచ్‌మండ్ అనేవారు దాన్ని సరిదిద్ది 37 వాక్యాలకు కుదించారు. ఈలోగా యేల్ విశ్వవిద్యాలయంలో సేమూర్ శారసన్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షల భయాన్నే ప్రత్యేకంగా కొలిచే ప్రశ్నావళిని తయారుచేశారు. తన పరిశోధనలను 1960లో పుస్తకంగా వెలువరించారు. చూశారా! మీ లెక్కల పరీక్ష బెంగ శాస్త్రజ్ఞులు పట్టించుకోనంత చిన్న విషయమేమీ కాదు.

పిల్లలకు దిగులేమిటి?

ఆందోళన వేరు, కుంగుబాటు వేరు. రాబోయేదానిని తలచుకొని భయపడటం ఆందోళన. రోజుల తరబడి ఏ పనిమీదా ఇష్టం లేక, మనసు బరువెక్కి, తాను ఎందుకూ పనికిరానని అనుకోవడం కుంగుబాటు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం కూడా కద్దు. రెంటిలోనూ మనసుకు కష్టంగానే ఉంటుంది. అయితే గుండెదడ, వణుకు వంటివి ఆందోళనలో ఎక్కువ. సంతోషమనేది ఇంకిపోవడం కుంగుబాటులో ముఖ్య లక్షణం. అందుకే కుంగుబాటును కొలిచేటప్పుడు "ఏడుపు వస్తున్నదా?" అని మాత్రమే అడిగితే చాలదు. "దేనివల్లనైనా సంతోషం కలుగుతున్నదా?" అని కూడా అడగాలి.

పెద్దల కుంగుబాటును కొలవడానికి 1961లో ఆరన్ బెక్ అనే వైద్యుడు 21 అంశాల పట్టికను ప్రకటించారు. అప్పటికి పిల్లలకోసం అటువంటిది లేదు. ఎందుకంటారా? పిల్లలకు కుంగుబాటు రాదని ఆనాటి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు! "చిన్నతనంలో దిగులేమిటి? ఆడుకుంటే అదే పోతుంది" అనే మాట మీ ఇంట్లోనూ మీరు వినే ఉంటారు. ఈ నమ్మకం 1970 దశకంలో సడలింది. ఆ దశకం చివర మరియా కోవాక్స్ అనే మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞురాలు బెక్ పట్టికను ఆధారం చేసుకొని పిల్లల కుంగుబాటు మాపకాన్ని రూపొందించారు. అది 7 నుంచి 17 ఏళ్ల వయసువారికి ఉద్దేశించినది. అందులో 27 అంశాలు ఉండేవి. ప్రతి అంశం కింద మూడు వాక్యాలు ఉంటాయి. గడచిన రెండు వారాల్లో తన పరిస్థితికి సరిపోయే వాక్యాన్ని పిల్లవాడు ఎంచుకోవాలి.

అసలు మాపకంలోని వాక్యాలను ఇక్కడ ఇవ్వకూడదు. కాబట్టి నమూనాకోసం మేమే ఒక అంశం అల్లి ఇస్తున్నాము.

"సాయంత్రం స్నేహితులు పిలిస్తే వెళ్లాలనిపిస్తుంది." దీనికి 0 మార్కులు.
"ఈమధ్య కొన్నిసార్లు వెళ్లాలనిపించడం లేదు." దీనికి 1 మార్కు.
"ఎవరు పిలిచినా వెళ్లాలనిపించడం లేదు." దీనికి 2 మార్కులు.

ఒక్కొక్క అంశానికి ఎక్కువలో ఎక్కువ 2 మార్కులు వస్తే 27 అంశాలకు ఎన్ని? 54. కాబట్టి ఈ కొలబద్ద 0 నుంచి 54 వరకు ఉంటుంది. బడి పరీక్షలో మార్కులు ఎక్కువ రావాలని కోరుకుంటాం. ఇక్కడ మాత్రం మార్కులు ఎక్కువైతే బాధ ఎక్కువని అర్థం.

మంచి మాపకానికి పరీక్షలు

నాలుగు ప్రశ్నలు రాసి మాపకం అంటే సరిపోదు. పిల్లలకు పరీక్ష పెట్టకముందు మాపకమే కొన్ని పరీక్షలు నెగ్గాలి.

మొదటిది విశ్వసనీయత. మీ కుర్తా కొలవడానికి దర్జీ సాగే రబ్బరు టేపు వాడాడనుకోండి. ఉదయం కొలిస్తే ఒక అంకె, సాయంత్రం కొలిస్తే మరొక అంకె వస్తుంది. ఆ కొలత నమ్మి కుట్టిన కుర్తా ఎవరికి పడుతుందో దేవుడికెరుక! మనసు మారనప్పుడు మాపకం చూపే అంకె కూడా అంతగా మారకూడదు. ఇందుకనే ఒకే ప్రశ్న అడగరు, ఇరవై ముప్ఫై అడుగుతారు. ఒక ప్రశ్నకు పరాకుగా జవాబిచ్చినా తక్కినవి దాన్ని సరిచేస్తాయి.

రెండవది సప్రమాణత. టేపు సాగకపోవచ్చు. అయినా దానితో బియ్యం బరువు తూచగలమా? ప్రతిసారీ ఒకే అంకె వచ్చినంతమాత్రాన అది మనకు కావలసిన దాన్నే కొలుస్తున్నట్లు కాదు. "నీకు కడుపునొప్పి వస్తుందా? తలనొప్పి వస్తుందా?" అనే ప్రశ్నలతోనే మాపకమంతా నింపితే అది ఆందోళనను కాక అజీర్తిని కొలిచినా కొలవవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులైన వైద్యులు విడిగా మాట్లాడి పరీక్షించిన పిల్లలకు ఈ మాపకాన్ని ఇచ్చి చూస్తారు. వైద్యులు గుర్తించిన పిల్లలకు ఎక్కువ మార్కులు, తక్కినవారికి తక్కువ మార్కులు వస్తున్నాయో లేదో సరిచూస్తారు.

మూడవది, దాపరికాన్ని పట్టుకోవడం. మంచి పిల్లవాడనిపించుకోవాలని "నాకేం భయం లేదు" అని రాసేవారు ఉంటారు. ఇటువంటివారిని గుర్తించడానికి కొన్ని తమాషా వాక్యాలు కలుపుతారు. "నాకు జన్మలో ఎవరిమీదా కోపం రాలేదు" అనే వాక్యానికి అవునని ఎవరైనా రాస్తే ఏమనుకోవాలి? రేనాల్డ్స్, రిచ్‌మండ్‌ల 37 వాక్యాల్లో 28 మాత్రమే ఆందోళనకు సంబంధించినవి. తక్కిన 9 ఇటువంటి కనిపెట్టే వాక్యాలే!

నేటి ఎండ, ఊరి ఎండ

మరొక చిక్కు చూడండి. గుంటూరు ప్రాంతంలోని రెంటచింతల ఎండలకు పేరుపడిన ఊరు. అక్కడ ఒకనాడు వానపడి చల్లబడితే అది చల్లని ఊరైపోతుందా? కాదు. ఆనాటి వాతావరణం వేరు, ఆ ఊరి శీతోష్ణస్థితి వేరు.

ఆందోళన కూడా అంతే. పరీక్షనాటి ఉదయం ఎంత ధైర్యవంతునికైనా గుబులు పుడుతుంది. ఇది ఆ సమయానికి కలిగే స్థితి. మరికొందరు పరీక్షలు లేని సెలవుల్లో కూడా "ఏమవుతుందో" అని బెంగపడుతూనే ఉంటారు. అది స్వభావం. చార్లెస్ స్పీల్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1973లో పిల్లలకోసం రూపొందించిన ప్రశ్నావళిలో ఈ రెంటినీ వేరుచేశారు. "ఇప్పుడు, ఈ క్షణంలో ఎలా ఉన్నావు?" అని తెలుసుకోవడానికి 20 అంశాలు, "మామూలుగా ఎలా ఉంటావు?" అని తెలుసుకోవడానికి మరొక 20 అంశాలు పెట్టారు.

30 అంటే ఎక్కువా, తక్కువా?

మాపకంలో ఒక అమ్మాయికి 30 మార్కులు వచ్చాయనుకుందాం. అది ఎక్కువా? ఆ అంకెను చూసి చెప్పలేము. థర్మామీటరులాగా ఇక్కడ మంచుబిందువు, మరిగే బిందువు లేవని ముందే అనుకున్నాం కదా. మరి దేనితో పోల్చాలి? ఆమె వయసే ఉన్న తక్కిన పిల్లలతో పోల్చాలి. ముందుగా వందల వేల పిల్లలకు మాపకాన్ని ఇచ్చి, ఏ వయసువారికి సగటున ఎన్ని మార్కులు వస్తాయో పట్టికలు తయారుచేస్తారు. చాలా మాపకాల్లో ఆ సగటును 50గా మార్చి చూపుతారు. మార్కులు గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం విస్తరించి ఉంటే, ఈ కొత్త లెక్కలో 60 దాటేవారు నూటికి సుమారు 16 మంది, 70 దాటేవారు నూటికి సుమారు ఇద్దరు ఉంటారు. ఇలా సాటివారే ఇక్కడ స్థిర బిందువులైనారు!

ఎవరిని అడగాలి?

"పిల్లలను అడగడమెందుకు? తల్లిదండ్రులకు తెలియదా, ఉపాధ్యాయులకు తెలియదా?" అనేవారున్నారు. దీన్ని తేల్చడానికి అమెరికాలో థామస్ ఆకెన్‌బాక్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 119 పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి 1987లో ప్రకటించారు. ఇద్దరి అభిప్రాయాలు ఎంత కలుస్తున్నాయో చెప్పడానికి సహసంబంధ గుణకమనే అంకె ఉన్నది. పూర్తిగా కలిస్తే అది 1. ఏమాత్రం పొంతన లేకుంటే 0.

ఫలితమేమిటో ఊహించగలరా? తల్లి, తండ్రి వంటి ఒకే తరహా ఇద్దరు పెద్దల మధ్య అది సగటున 0.60. తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల వంటి వేరువేరు తరహా పెద్దల మధ్య 0.28. పిల్లలు తమను గురించి తాము చెప్పినదానికి, ఇతరులు వారిని గురించి చెప్పినదానికి మధ్య 0.22 మాత్రమే!

అంటే ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనా? కాదు. బడిలో అల్లరి చేసే పిల్లవాడు ఇంట్లో బుద్ధిగా ఉండవచ్చు. ఇంట్లో మాట్లాడనివాడు బడిలో నవ్వుతూ తిరగవచ్చు. గొడవపడటం, వస్తువులు విసరడం పైకి కనిపిస్తాయి, పెద్దలు చెప్పగలరు. రాత్రి నిద్రపట్టక దుప్పటిలో దొర్లుతున్న పిల్లవాని దిగులు పక్కమంచం మీద ఉన్న నాన్నకు కూడా కనిపించదు. కుంగుబాటు ఉన్న పిల్లల్లో కొందరు ఏడవరు, అయినదానికీ కానిదానికీ చిరాకుపడతారు. పెద్దలు దాన్ని పొగరనుకొని కోప్పడతారు. అందుకే నిపుణులు పెద్దలనూ అడుగుతారు, పిల్లలనూ తప్పక అడుగుతారు.

"బెంగ" అన్న మాట

ఈ మాపకాల్లో చాలావరకు ఇంగ్లీషులో పుట్టినవి. వాటిని మన పిల్లలకు ఎలా ఇవ్వాలి? తెలుగు చేస్తే చాలునా? ఇంగ్లీషువారు దిగులుగా ఉంటే "నీలంగా ఉన్నాను" అంటారు. గాభరాగా ఉంటే "కడుపులో సీతాకోకచిలుకలు" అంటారు. వీటిని ఉన్నదున్నట్లు తెలుగు చేస్తే మన పిల్లవాడు చొక్కా రంగు చూసుకుంటాడు! మనం "గుండె దడదడలాడింది", "చేతులూ కాళ్లూ ఆడటం లేదు", "మనసేమీ బాగాలేదు" అంటాం.

"బెంగ" అనే మాటనే తీసుకోండి. హాస్టలులో చేరిన పిల్లవాడు అమ్మమీద బెంగపెట్టుకుంటాడు. పరీక్ష తప్పుతానేమోనని మరొకడు బెంగపెట్టుకుంటాడు. బెంగతో ఇంకొకడు చిక్కిపోతాడు. ఇందులో ఆందోళన ఉన్నది, దిగులు ఉన్నది, మనవారికి దూరమైన బాధ కూడా ఉన్నది. ఈ మూడింటినీ కలిపి చెప్పే ఒక్క మాట ఇంగ్లీషులో దొరకడం కష్టం.

అందువల్ల అనువాదానికి ఒక పద్ధతి ఉన్నది. ఒకరు ఇంగ్లీషునుంచి తెలుగులోకి మారుస్తారు. మూలం చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషు ప్రతులనూ పోల్చి, తేడా వచ్చినచోట సరిదిద్దుతారు. రిచర్డ్ బ్రిస్లిన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ఈ తిరుగు అనువాద పద్ధతిని వివరించారు. ఆ తరువాత మన పిల్లలకే ఇచ్చి విశ్వసనీయతను, సప్రమాణతను మళ్లీ పరీక్షించాలి. సగటులు కూడా మనవే కట్టుకోవాలి.

జేబులో మోగిన గంట

మీ ఈడువారి మనసు క్షణానికొక రకంగా మారుతుందని పెద్దలు అంటుంటారు. అది నిజమేనా? 1970 దశకంలో చికాగో ప్రాంతంలో చిక్‌సెంట్‌మిహాయ్, లార్సన్ అనే శాస్త్రజ్ఞులు చక్కని ప్రయోగం చేశారు. 75 మంది హైస్కూలు విద్యార్థులకు పేజరు అనే చిన్న పరికరాన్ని ఇచ్చారు. వారంపాటు అది ఎప్పుడు మోగుతుందో తెలియకుండా మోగేది. మోగగానే ఎక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో, మనసెలా ఉన్నదో కాగితం మీద గుర్తుపెట్టాలి. పెద్దలచేత కూడా ఇలాగే రాయించి పోల్చారు.

పెద్దలు అన్నది నిజమేనని తేలింది. కౌమార వయసువారి మనసు పెద్దలకంటె త్వరగా, ఎక్కువగా మారుతుంది. కాని 1980లో ప్రకటించిన ఫలితాల్లో ముఖ్యమైన మాట వేరే ఉన్నది. అలా ఎక్కువగా మారినంతమాత్రాన ఆ విద్యార్థికి ఏదో లోపమున్నట్లు కాదు! ఉదయం దిగులుగా ఉండి సాయంత్రానికి నవ్వగలిగితే అది మామూలే. చూడవలసింది దిగులు వచ్చిందా అని కాదు. వచ్చి పోతున్నదా, వచ్చి కూర్చున్నదా అని.

అంకె తీర్పు కాదు

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక పెద్ద బడిలో 1000 మంది విద్యార్థులున్నారు. వారిలో 70 మందికి నిజంగా సహాయం అవసరమనుకుందాం. మన మాపకం అటువంటివారిలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, బాగున్నవారిలో నూటికి 10 మందిని పొరపాటున చూపుతుంది అనుకుందాం.

70 మందిలో దొరికినవారు 56. దొరకనివారు 14. మిగిలిన 930 మందిలో పొరపాటున దొరికినవారు 93. మొత్తం దొరికినవారు 149 మంది. వారిలో నిజంగా సహాయం కావలసినవారు 56 మంది, అంటే నూటికి సుమారు 38 మందే!

కాబట్టి మార్కులు ఎక్కువ వచ్చిన ప్రతివారికీ జబ్బు ఉన్నట్లు కాదు. తక్కువ వచ్చిన ప్రతివారూ బాగున్నట్లూ కాదు. ఆ అంకె "ఈ పిల్లవానితో ఒకసారి తీరికగా మాట్లాడండి" అని చెబుతుంది, అంతే. మాట్లాడి తేల్చవలసినవారు నిపుణులు. ఒకరి అంకెను పట్టుకొని వారికి పేర్లు పెట్టడం జ్వరం వచ్చినవాణ్ణి "నూటరెండు" అని వెక్కిరించడంవంటిది.

అయినా ఈ కొలతలు ఎందుకు అవసరం? కొలవకపోతే ఆ 56 మంది కూడా దొరకరు కనుక. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. అంటే పదిహేనుమంది కూర్చున్నచోట సుమారు ఒకరు.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందేమోనని పెద్దలు జంకుతారు. ముఖ్యంగా "బతుకు మీద విరక్తి కలిగిందా?" అని పిల్లలను అడగడానికి భయపడతారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొందరిని ఆ ప్రశ్న అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినందువల్ల విద్యార్థుల్లో బాధ పెరిగినట్లు కనిపించలేదు. అడగడం హాని కాదు. అడగకపోవడం వల్లనే చాలా బాధలు ఎవరికీ తెలియకుండా ఉండిపోతాయి.

మీరూ చేసి చూడండి

ఒక నోటుపుస్తకంలో గీతల కాగితం తీసుకోండి. అడ్డంగా 14 రోజులు, నిలువుగా 0 నుంచి 10 వరకు గుర్తించండి. 0 అంటే మనసు చాలా బరువుగా ఉన్నదని, 10 అంటే చాలా తేలికగా ఉన్నదని అర్థం. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఆ వేళకు తగిన అంకె దగ్గర చుక్కపెట్టండి. పక్కన అప్పుడు ఏం చేస్తున్నారో రెండు మాటలు రాయండి. రెండు వారాల తరువాత చుక్కలను కలపండి. మీ మనసు వాతావరణ పటం మీ చేతిలో ఉంటుంది! నిద్ర తక్కువైన రోజున, ఆడుకున్న రోజున, పరీక్షనాడు గీత ఎలా ఉన్నదో పరిశీలించండి. ఇది మాపకం కాదు, మీకోసం మీరు గీసుకున్న పటం మాత్రమే. దీనితో మీకుగాని, స్నేహితులకుగాని జబ్బు పేర్లు పెట్టకండి. ఇతరుల పటాన్ని వారి అనుమతి లేకుండా చూడకండి.

అయితే ఆ గీత రెండు వారాలూ అడుగునే పాకుతూ ఉంటే, నిద్ర, ఆకలి, చదువు చెడుతూ ఉంటే దాచుకోకండి. ఇంట్లో మీకు చనువున్న అత్తయ్యకో, తాతయ్యకో, బడిలో మీరు నమ్మే మాస్టారికో ఆ కాగితం చూపించండి. "బాగాలేదు" అని ఊరుకోక "పద్నాలుగు రోజులుగా ఇలా ఉంది" అని చెప్పండి. అప్పుడు మీ మాటకు బలం వస్తుంది. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదనే ఆలోచన మీకుగాని, మీ స్నేహితునికిగాని వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. వెంటనే పెద్దలకు చెప్పండి. స్నేహితుడు "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పటి సంగతి గుర్తుందా? థర్మామీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగినది ఒకటి, మీ బాధ మరొకటి. ఈసారి అటువంటి రాత్రి వస్తే అమ్మ అడిగేదాకా ఆగకండి. "అమ్మా, జ్వరం కాదు. రేపటి పరీక్షంటే పదికి ఎనిమిదంత భయంగా ఉంది" అని చెప్పి చూడండి. ఎనిమిదంటే ఎంతో అమ్మకు వెంటనే అర్థమవుతుంది.